పరంధామయ్య నింపని గడి లేదు

చిత్తూరు కలెక్టరాఫీసు ఎదురు సందులో ఆన్‌లైన్ సెంటరు నడిపే పరంధామయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, చివరికి కాఫీలో చక్కెర కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఏ ఫారంలోనైనా ఖాళీ గడి కనబడిందా, ఆయన ప్రాణం కొట్టుకుంటుంది. నింపేదాకా ఫారాన్ని వదలడు, ఫారం తెచ్చినవాణ్ణీ వదలడు.

"నక్షత్రం గుర్తుండేవి నింపితే చాలంట సార్" అని ఎవరైనా నోరుజారితే అయిపోయినట్టే.

"నక్షత్రం లేకపోతే ఆ గడికి దిక్కు లేనట్లా? ఖాళీ పెట్టినామనుకో, ఆఫీసరు అందులో తనకు తోచింది ఊహించుకుంటాడప్పా!" అని గంట పాఠం చెప్పేవాడు.

కాణిపాకంలో గది తీసుకుంటూ, వాహనం నంబరు దగ్గర 'కాళ్లు, రెండు' అని రాసిన మనిషాయన. కంటి పరీక్షకు పోయి, గతంలో వచ్చిన జబ్బుల దగ్గర 'ఐదో తరగతిలో గవదబిళ్లలు' అని రాసి వచ్చాడు. ఇంట్లో భార్య మునెమ్మ సరుకుల చీటీ రాసిస్తే కింద నాలుగు గీతలు మిగులుతాయి కదా. ఆ నాలుగింట్లోనూ 'ఉప్పు' అని రాసుకుని పోయేవాడు. "మా ఇంట్లో ఉండే ఉప్పుతో చిత్తూరు మొత్తానికి ఊరగాయ పెట్టొచ్చు" అని మునెమ్మ నెత్తి కొట్టుకునేది. ఇప్పుడామె చీటీ కింద అడ్డంగా కొట్టేసి మరీ ఇస్తోంది.

జయంతికి ఈ సంగతులన్నీ తెలుసు. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ ఫారం నింపించుకున్నప్పటి నుంచీ ఆయన్ని మామా అని పిలిచే పిల్ల ఆమె. తెలిసి కూడా, వేరే దారి లేక, ఒక మే నెల పొద్దున కెరుబోను వెంటబెట్టుకుని ఆ కొట్టు మెట్లెక్కింది.

కెరుబోది కెన్యా. బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీలు పారబోసే మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి నుంచి ఒంటికి రాసుకునే వెన్న తీసే చిన్న కంపెనీ పెట్టింది. జయంతి అందులో భాగస్వామి. పద్నాలుగు మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్ల దగ్గరే కెరుబో తెలుగు నేర్చుకుంది, అందుకని ఆమె తెలుగులో సగం ఎగతాళే. ఇప్పుడొచ్చిన చిక్కల్లా, ఆమె వీసా జూన్ పదితో అయిపోతుంది. టెంకలు కుప్పలుగా వచ్చేదే జూన్‌లో. ఆమె పోతే సీజను పోతుంది, సీజను పోతే కంపెనీ పోతుంది.

"స్టార్టప్ పెట్టే బయటిదేశమోళ్లకని కొన్ని దేశాల్లో వేరే వీసా ఉండాదంట మామా. రెండేళ్లో మూడేళ్లో ఉండనిస్తారంట" అంది జయంతి.

"ఆడ ఉంటే ఆడ. ఈడ జాబితాలో ఆ గడే లేదు. లేని గడిని నేనెట్ల నింపేది?" అన్నాడు పరంధామయ్య. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతులో నిజంగానే బాధ పలికింది.

"పోనీ, ఉద్యోగం వీసా?"

"ఎవురో ఒకరు ఉద్యోగం ఇయ్యల్ల కదా. ఈమె కంపెనీకి ఈమే ఓనరు. తన లీవు లెటరు తనే రాసి, తనే కాదంటాదా?"

"ఊరికి పోయి, కొత్తగా రాయించుకుని వస్తా" అంది కెరుబో.

"నువ్వు పోయి వచ్చేలోగా మామిడికాయలు పోయి సీతాఫలాలు వస్తాయి పాపా. ఉండే బిజినెస్ వీసానే పొడిగించమని అడుగుదాం. కూర్చో."

కూర్చున్నారు. ఒక పూట కాదు, రెండు రోజులు కూర్చున్నారు. తాత పేరు కెరుబోకు సరిగ్గా గుర్తులేదు. "అమ్మకు ఫోన్ కొట్టు" అన్నాడాయన. కొట్టింది. ఆ తల్లి ఇంగ్లీషుకూ ఈయన ఇంగ్లీషుకూ ఎట్లా పొంతన కుదిరిందో ఏమో, నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. తాత పేరుతోపాటు ఆయనకెన్ని ఆవులుండేవో కూడా తెలిసింది. ఆవులకు గడి లేనందుకు పరంధామయ్య కాసేపు దిగులుపడ్డాడు.

చివరికి ఒకే ఒక్క గడి మిగిలింది. స్థానికంగా ఈమె బాగోగులకు పూచీపడే మనిషి ఎవరు, ఈమెకు ఏమవుతారు అని. కంపెనీకి సంబంధం లేనివాళ్లయి ఉండాలి కాబట్టి జయంతి పనికిరాదు. కెరుబో ఇంటి ఓనరు ఢిల్లీబాబును ముందే అడిగి చూశారు. "పోలీసోళ్లు గడప తొక్కడం మా వంశంలోనే లేదమ్మా" అని ఆయన తలుపేసుకున్నాడు.

"దానికి నక్షత్రం లేదు మామా. నీకు దండం పెడతా, వదిలెయ్" అంది జయంతి.

ఆయన గడి వైపు చూశాడు. కెరుబో వైపు చూశాడు. "పొద్దుపోతాది, మీరు బస్సెక్కండి. నేను చూసుకుంటా" అన్నాడు.

బస్సులో జయంతికి ఒకటే గుబులు. కొంపదీసి 'ఉప్పు' అని రాయడు కదా!

పది రోజుల తర్వాత వీసా ఆఫీసు నుంచి జయంతికి ఫోనొచ్చింది. కెరుబో వీసా విషయంగా పరంధామయ్య అనే ఆయన్ని విచారించాలి, మీరూ కొట్టు దగ్గరికి రండి అని. ఇద్దరూ ఆదరాబాదరా వచ్చి పడ్డారు. ఆఫీసరు ఇంకా రాలేదు. మునెమ్మ అన్నం క్యారియర్ విప్పుతోంది.

"నీ పేరే రాసినావా మామా!" జయంతి కోపం ఆపుకోలేకపోయింది. "రేపు ఏమన్నా అయితే నీ మెడకు చుట్టుకోదా? ఖాళీ గడి కనబడితే సాలు, నీకు ముందూ వెనకా తెల్దు!"

పరంధామయ్య క్యారియర్ వైపు తిరిగాడు. మునెమ్మే నవ్వింది.

"ఈమెకొక్కదానికేనా? ఎవురూ లేనోళ్ల ఫారాల్లో ఆ గడే కదమ్మే ఖాళీగా ఉండేది. ఆడంతా ఈయన పేరే. ఇటుకబట్టీలకు ఒడిశా నుంచి వచ్చినోళ్లకు ఈయనే, లారీ క్లీనర్లకు ఈయనే. ఆస్పత్రి నుంచో స్టేషన్ నుంచో ఫోన్ మోగితే చొక్కా ఏసుకుని పోతాడు. అంతెందుకు, నీ హాస్టల్ ఫారంలో ఎవురి పేరుండేది అనుకున్నావు?"

జయంతికి ఆ హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. నాయన బెంగళూరులో కూలికి వెళ్లిన ఏడాది, హాస్టల్లో ఆమెకు కామెర్లొచ్చాయి. తొమ్మిది రోజులు వరసగా ఈయన పథ్యం అన్నం క్యారియర్ తెచ్చిచ్చాడు. "ఇట్లా పోతా పోతా వచ్చినా పాపా" అనేవాడు. హాస్టల్ ఊరికి ఆ కొసన, ఈ కొట్టు ఈ కొసన. పదిహేనేళ్లుగా ఆ మాట నమ్మింది తను. అంత ఉప్పున్న ఇంటి నుంచి తొమ్మిది రోజులు ఉప్పులేని అన్నం వచ్చిందే అని తలుచుకుంటే ఆమెకు నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి.

అంతలో ఆఫీసరు వచ్చి కుర్చీ లాక్కున్నాడు. కాగితాలు తిరగేసి ఒకచోట ఆగాడు.

"సంబంధం అనే చోట 'పక్కింటాయన' అని రాసినారు. ఆమె ఉండేది బంగారుపాళ్యంలో. మీరుండేది చిత్తూరులో. పక్కిల్లు ఎట్లయితాది సార్?"

పరంధామయ్య కళ్లద్దాలు తుడుచుకుని నిమ్మళంగా అన్నాడు.

"కెన్యా నుంచి చూస్తే పక్కిల్లే కదప్పా."

ఆఫీసరు నవ్వకూడదనే చూశాడు, వల్లకాలేదు. మిగిలిన కాగితాలన్నీ తిప్పి, తాత పేరు దగ్గర ఇంకోసారి ఆగి, తల ఊపాడు. "ఒక్క గడీ వదల్లేదే. మేము ఊహించుకునేదానికి ఏమీ మిగలనీలేదు కదా సార్ మీరు!"

జూన్ ఏడున ఏడాదికి పొడిగింపు వచ్చింది. ఎనిమిదో తేదీన మొదటి టెంకల లోడు దిగింది.

ఆ వారమే పనికి కొత్తగా ఆనందమ్మ చేరింది. ఐరాల నుంచి వచ్చిన ఒంటరి మనిషి. చేరే కాగితం జయంతి రాస్తోంది.

"ఏదన్నా అయితే ఎవురికి చెప్పాలమ్మా?"

"నాకెవురున్నారు తల్లీ. వదిలెయ్యి" అంది ఆనందమ్మ.

కెరుబో వచ్చి పెన్ను లాక్కుంది. "ఖాళీ పెట్టకూడదు. ఆఫీసరు ఊహించుకుంటాడు" అని తన పేరు రాసింది. పక్కన 'పక్కింటామె' అని అక్షరాలు కూడబలుక్కుంటూ తెలుగులోనే రాసింది. ఏడాదికి మాత్రమే ఈ దేశంలో ఉండనిచ్చిన మనిషి, ఇంకొకరికి పూచీ పడింది!

జయంతి ఆగలేక పరంధామయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. కరిగిపోయాడు కాబోలు, ఏడుస్తున్నాడేమో అని ఆమె కంగారుపడింది.

"మామా, ఉన్నావా?"

"ఉండానమ్మే" అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని. "అంతా బాగానే ఉండాది గానీ... పిన్‌కోడు రాసిందా?"