కెమెరా లేని మలుపు

2023 వేసవి. ఇబ్రహీంపట్నం దాటాక యాచారం వైపు పోయే సాగర్ రోడ్డు పక్కన స్తంభం పాతి కొత్త స్పీడ్ కెమెరా పెట్టారు. దాని కాలిబ్రేషన్ పని నాది. కెమెరా చూపించే వేగం, బండి అసలు వేగం ఒకటేనా అని సరిచూడడాన్ని కాలిబ్రేషన్ అంటారు. మీర్‌పేట్‌లో ఇంటి పని ముగించుకుని, పరికరాల పెట్టె భుజాన వేసుకుని పొద్దున్నే బస్సెక్కేదాన్ని. ఈ వృత్తిలో తిట్లు మాకు మామూలే. అయినా నా కెమెరాను ఎవరైనా ఒక మాట అంటే కోపం ముక్కు మీదికొస్తుంది.

ఆ కెమెరా మీద ఊళ్లో పెద్ద రగడే జరిగింది. ప్రాణాలు నిలుస్తాయని కొందరు, చలాన్లు రాసుకోవడానికే పెట్టారని కొందరు. చివరికి ట్రాఫిక్ ఎస్సై అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, సాంకేతిక ప్రశ్నలు వస్తాయేమోనని నన్నూ పిలిచాడు.

అందరికన్నా గట్టిగా అరిచింది జంగయ్య. ఆటో అడ్డాకు పెద్దమనిషి, గొంతు మైకు అడగదు. "కెమెరా ముంగట బ్రేకు తొక్కుతరు, దాటినంక ఇంకింత గుంజుతరు. గిదే అయితది మేడమ్. మా ఆటోలోల్లకు చలాన్లు, పెద్ద బండ్లోల్లకు ఫికరే లేదు. తీసెయ్యుండ్రి దాన్ని!"

నేను ఊరుకుంటానా? కెమెరా పెట్టిన చోట బండ్లు నెమ్మదిస్తున్నాయా లేదా, ముందు అది చెప్పమన్నాను. నెమ్మదిస్తున్నాయని ఒప్పుకుని, "స్తంభం కాడ" అని ఒత్తి పలికాడు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే వెనక నుంచి ఒకామె లేచింది. పేరు బాలమణి. చేపలు పట్టే కుటుంబం. చెరువు దగ్గర చేపలు ఎత్తుకుని, బస్సులు ఆగే చోట గంప దించి అమ్ముతుంది. ఆ రెంటికీ మధ్య ఈ సాగర్ రోడ్డే, అదీ సరిగ్గా కెమెరా దాటాక వచ్చే మలుపు దగ్గర. అంతకు ముందు ఏడు అక్కడే ఒక లారీ తగిలి తుంటి విరిగింది. బతికింది కానీ కాలు ఈడ్చి నడుస్తుంది. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ గంప మీదే నడుస్తోంది, కాబట్టి దాటడం మానుకునే వీలు లేదు.

"మీ కొట్లాట నాకెందుకు? నేను దినాం రోడ్డు దాటాలె. జర గా కెమెరా నా కాడ పెట్టుండ్రి. స్తంభం కాడ ఎవ్వలు దాటుతరు బిడ్డా?" అని నన్నే అడిగింది.

జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది. కెమెరాలో వేగం కొలిచే రాడార్‌కు ముందు చాలా దూరం సూటి రోడ్డు ఉండాలి, మలుపులో లెక్క తప్పుతుంది, తప్పు లెక్కతో చలాన్ రాస్తే కోర్టులో నిలవదు. ఇదంతా నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆమె ఓపికగా విని, "అంటే కాదన్నట్టు" అని కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ సంగతి ఎవరో అడిగితే, పెద్ద రోడ్డు మీద పై అనుమతి లేకుండా వేయలేమని ఎస్సై కూడా చేతులెత్తేశాడు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా ఆ పూట అన్నం సహించలేదు.

కొన్ని వారాల తర్వాత ఎస్సై ఫోన్ చేశాడు. ఆ మలుపు దగ్గర బండ్ల వేగం కొలిచి ఇస్తే, ఆ కాగితం జతచేసి పై అధికారులకు రాస్తానన్నాడు. స్పీడ్ గన్ తీసుకుని వెళ్లాను. చేత్తో పట్టుకుని ఏ బండికి సూటిగా చూపితే దాని వేగం చెప్పే పరికరం అది, కాబట్టి మలుపు దగ్గర కూడా పనికొస్తుంది. గన్ కనిపిస్తే ఎవడైనా నెమ్మదిస్తాడు, అందుకని మలుపు పక్కన చాయ్ డబ్బా వెనక నిలబడ్డాను.

బండ్లన్నీ నత్తనడకన వచ్చాయి. లారీలు, కార్లు, పెళ్లివారి డీసీఎం వ్యాను కూడా. గన్ పాడైందనుకున్నాను. మా దగ్గర ట్యూనింగ్ ఫోర్క్ ఉంటుంది. రెండు కొమ్ముల ఆ ఇనుప ముక్కను తట్టి గన్ ముందు పెడితే దాని మీద చెక్కిన వేగమే తెరపై రావాలి. వచ్చింది. గన్ బాగానే ఉంది. మరి వీళ్లకేమైంది?

అప్పుడు చూశాను. మలుపు దాటి పోతున్న ఆటోలు ఎదురొచ్చే ప్రతి బండికీ డిప్పర్ కొడుతున్నాయి. హెడ్‌లైట్లు రెండుసార్లు మిణుక్కుమనిపిస్తే, ముందర పోలీసులో కెమెరానో ఉందని అర్థం. డ్రైవర్ల మధ్య ఎప్పటి నుంచో ఉన్న మర్యాద అది. మా వృత్తికి మాత్రం బద్ధశత్రువు. కానీ ఇక్కడ పోలీసులూ లేరు, కెమెరా కూడా లేదు.

నేరుగా అడ్డాకు వెళ్లి జంగయ్యను నిలదీశాను. "అన్నా, ఆ మలుపు దగ్గర కెమెరా ఎక్కడుంది?"

"లేదని నీకెరుక, నాకెరుక. లారీ డ్రైవర్‌కు ఎరుకనా?" అన్నాడు, బీడీ పారేస్తూ. మీటింగు అయిన మర్నాడే అడ్డాలో అందరితో మాట్లాడాడట. చెరువు దిక్కు నుంచి గంపలు దాటే వేళ, ఎవరు ఆ మలుపు దాటినా ఎదుటివాడికి డిప్పర్ కొట్టాలని.

"అయితే ఇప్పుడు కెమెరాకు ఒప్పుకున్నట్టేగా?"

"ఎవలన్నరు? కెమెరాకు ఇప్పటికీ ఖిలాఫే. గాని మీటింగుల నేను మస్తు లొల్లి జేసిన. గామె ఒక్క ముచ్చట అడిగింది. నా లొల్లిల గామెకు జవాబు లేకపాయె."

నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది, నిజం చెప్పడానికి సిగ్గేమీ లేదు. తన వాదన వదలలేదు, ఆమెనూ వదలలేదు. ఎస్సైకి ఇచ్చిన కాగితంలో వేగంతో పాటు దాని వెనక ఉన్న కారణం కూడా రాశాను. ఆయన చదివి నవ్వి, పై వాళ్లకు పంపాడు. నాకు తెలిసినంతవరకు జవాబు రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బస్సు తప్పిపోయి జంగయ్య ఆటో ఎక్కాను. ఆలస్యమైంది, కొంచెం తొందరగా పోనిమ్మన్నాను. పోనిచ్చాడు కూడా. మలుపు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే ఎదురుగా వస్తున్న ఆటో డిప్పర్ కొట్టింది. జంగయ్య వెంటనే బ్రేకు మీద కాలు పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. "నువ్వు అల్లిన అబద్ధమే కదన్నా. నీ అబద్ధానికి నువ్వే భయపడుతున్నావా?"

"భయమెందుకు మేడమ్? గిప్పుడు అడ్డాల మాట మారింది. ఉత్తగనే కొడుతలేరు. మనిషి రోడ్డు మీద ఉంటెనే కొడుతున్నరు. గాడు కొట్టిండంటే గామెను చూసొచ్చిండన్నట్టు."

మలుపు తిరిగాం. బాలమణి రోడ్డు నడుమ ఉంది. తడిసిన గంప తల మీద, ఒక చేయి దాని అంచు మీద. జంగయ్య ఆటో ఆపేశాడు. మా వెనక వస్తున్న ఇసుక లారీ కూడా ఆగింది. ఆమె మా వైపు చూడలేదు, పరుగెత్తలేదు. తన కాలు ఎలా నడవనిస్తే అలా, నెమ్మదిగా దాటింది.

కెమెరాలతో రోడ్లు బాగుపడతాయా అని ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంటారు. బాగుపడతాయనే అంటాను, కొలిచి చూసిన మాట అది. కానీ బండి ఎంత వేగంతో వచ్చిందో చెప్పడమే దానికి తెలుసు, మలుపు అవతల మనిషి ఉందని ముందే చెప్పడం దానికి రాదు. అందుకే ఇప్పుడు ఏ ఊళ్లో స్తంభం పాతమన్నా, పరికరాల పెట్టె విప్పకముందు ఒక పూట ఆ రోడ్డు పక్కన ఊరికే నిలబడతాను. దాటేవాళ్లు వచ్చేదాకా.