అమ్మ పడవ తిప్పిన చోటు

దుబాయ్‌లో స్విమ్మింగ్ పూల్‌లు శుభ్రం చేసే కంపెనీలో నా పని. అల్ ఖూజ్‌లో మా క్యాంపు. పొద్దున్నే పికప్‌లో బయలుదేరి, ఒక్కో బిల్డింగు దగ్గర దిగి, నీళ్ళలో క్లోరిన్ చూసి, అడుగున చేరిన ఇసుకను పొడుగు బ్రష్‌తో లాగి, మళ్ళీ బండెక్కాలి. గాలి ఇసుక మోసుకొస్తూనే ఉంటుంది కాబట్టి ఆ పనికి అంతంటూ లేదు.

అలా వెళ్ళే ఒక హోటల్లో లైఫ్‌గార్డుగా ఉండేవాడు నా ఉగాండా స్నేహితుడు. నాకంటే చాలా చిన్న. తెలుగువాళ్ళతో తిరిగి తిరిగి నన్ను "అన్నా" అనడం నేర్చుకున్నాడు. మిగతా మాటలన్నీ హిందీ, ఇంగ్లీషు కలిపి. వాళ్ళ ఊరు విక్టోరియా సరస్సు ఒడ్డున. పూల్‌లో ఈ చివర మునిగితే ఆ చివర తేలేవాడు కానీ సొంత సరస్సులో మోకాళ్ళు దాటి దిగలేదట. ఈత కూడా కంపాలాలో ఏదో హోటల్లో నేర్చుకున్నాడు. ఎందుకని అడిగితే, "అది పూల్ కాదన్నా. అడుగు కనపడదు" అన్నాడు.

వాడు దుబాయ్ వచ్చిన కొత్తలోనే ఊళ్ళో తండ్రి పోయాడు. వెళ్ళలేకపోయాడు. వాళ్ళ వైపు పోయిన మనిషిని ఇంటి పెరట్లోనే, అరటి చెట్ల పక్కన పూడుస్తారు. సిమెంటు చేసి సున్నం కొట్టిన ఆ సమాధి ఫోటో వాడి ఫోన్లో ఉండేది. తర్వాత కరోనా వచ్చింది, విమానాలు ఆగాయి. ఆ ఏడే సరస్సు పొంగి ఒడ్డు ఊళ్ళలోకి వచ్చిందని వార్త. వాడు గాబరాగా అమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ ఎప్పుడూ ఒకటే మాట: "ఇల్లు ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే ఉంది."

మరుసటి ఎండాకాలం ఇండియా నుంచి రాకపోకలు ఆపేశారు. ఇంటికి పోతే పోవచ్చు, తిరిగి రావడానికి దారి లేదు. మా ముదీర్, అంటే మేనేజరు, నాతో, "ఇండియా తప్ప ఎక్కడికైనా పో. ఈ నెల దాటితే నీ సెలవు ఖలాస్" అన్నాడు. అదే వారం నా స్నేహితుడు ఊరికి టికెట్ తీశాడు. "క్యాంపులో పడుకుని ఏం చేస్తావన్నా? మా ఊరు రా" అన్నాడు.

నా గదిలో జగిత్యాల అతను ఒకడుండేవాడు. బ్యాగు సర్దుకుంటుంటే నోరు తెరిచి చూశాడు. "ఏందే, ఇంటికి పోకుంట ఆఫ్రికాకు పోతవా? ఎవలన్న నవ్వుతరు!"

"నవ్వనీ. ఈ గోడలు సూసి సూసి పిచ్చి లేస్తుంది" అన్నాను.

ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగి, వ్యాన్లు మారి, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాం. ఎర్ర మట్టి దారి. పచ్చదనం ఎంతుందంటే, ఇన్నేళ్ళు బూడిద రంగు చూసిన నా కళ్ళు కాసేపు ఒకచోట నిలవలేదు. దారి సరస్సులోకి దిగిపోయి, అక్కడే ఆగింది. రేవు లేదు, గట్టు లేదు. దారి అలాగే నీళ్ళ కిందికి నడిచి వెళ్ళినట్టుంది. దాని చివర చెప్పులు లేకుండా వాళ్ళమ్మ నిలబడి ఉంది.

తల్లీకొడుకులు చాలాసేపు ఒకరినొకరు వదల్లేదు. తర్వాత వాడు చుట్టూ చూసి ఏదో అడిగాడు. ఆవిడ నీళ్ళవైపు చెయ్యి చూపించింది.

"ఇల్లు ఏదని అడిగాను" అన్నాడు నాతో. "అక్కడుందంటోంది."

అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఆవిడ చెక్క పడవలో మమ్మల్ని ఎక్కించుకుంది. వెనక కూర్చుని తెడ్డు వేసింది. గాలి లేదు, అల లేదు. సూటిగా వెళ్ళొచ్చు కదా అనుకున్నాను, కానీ ఆవిడ కొంత దూరం పోయి, ఖాళీ నీళ్ళలో పడవను ఎడమకు తిప్పింది. ఇంకాస్త పోయి కుడికి. వాడు మెల్లగా అన్నాడు: "ఇది మా సందు మలుపన్నా. ఇది పక్కింటివాళ్ళ పశువుల కొట్టం." ఏడాదిగా ఆవిడ రోజూ అలాగే వెళ్తోందట, ఊరు ఇంకా ఉన్నట్టే, దారి తప్పకుండా.

ఎండిపోయిన పనస చెట్లు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటి నిండా నల్లటి పక్షులు. ఒక్కటీ అరవలేదు. వాటి వెనక రేకుల కప్పు, దాని కింద కాస్త గోడ, సగం మునిగిన కిటికీ. ఆవిడ కిటికీ దగ్గర పడవ ఆపి, లోపలికి వినపడేలా రెండు మాటలు అంది. ఏమందని అడిగాను.

"వచ్చామని చెప్పింది."

వంగి చూశాను. గది నిండా నల్లటి నీళ్ళు. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ తేలుతూ నెమ్మదిగా తిరుగుతోంది. వీపు మాకు పెట్టి ఉన్నది అలా తిరిగి తిరిగి, మా వైపుకు వచ్చి ఆగింది. నేను పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"నాన్న?" అన్నాడు వాడు. ఆ మాట మాత్రం నాకూ అర్థమైంది.

ఆవిడ గడ్డంతో పెరటివైపు చూపించింది. అక్కడి నీళ్ళూ అన్ని చోట్లలాగే ఉన్నాయి. సమాధి మీదుగా తను ఒక్కసారి కూడా పోలేదట. ఎప్పుడూ చుట్టి వెళ్తుంది. పడవను అలాగే వెడల్పుగా తిప్పడం మొదలుపెట్టింది.

అప్పుడే సరస్సు లోపలి వైపు పొగ లేచింది. స్తంభంలా నిలువుగా, మేఘాన్ని అందుకునేంత ఎత్తు. పడవేదో తగలబడుతోందనుకున్నాను. ఆ పొగ నడుస్తూ మా వైపే వచ్చింది. ఆవిడ గట్టిగా అరిచింది. వాడు నా తల వంచి, "పురుగులన్నా! నోరు మూసుకో, ఊపిరి మెల్లగా!" అన్నాడు.

సరస్సులో పుట్టే సన్నటి పురుగులు. కరవవు, కానీ ఎదుట ఏమీ కనపడనంతగా వస్తాయి. ముగ్గురం ఆవిడ కప్పుకున్న గుడ్డ కింద ముడుచుకుని పడుకున్నాం. వెలుతురు పోయింది. చెవుల్లో, ముక్కులో, మెడ మీద ఎవరో మెత్తటి బూడిద పోస్తున్నట్టు. తెడ్డు పట్టేవాళ్ళు లేక పడవ తనంతట తాను కదులుతోంది.

కింద ఏదో గరగరమని ఒరుసుకుంది. పడవ ఆగిపోయింది.

ఆ తర్వాత నా చెంప కిందున్న చెక్కకు అవతల నుంచి, టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్. నీళ్ళ అడుగున సిమెంటుకు బ్రష్ తగిలితే ఎలా ఉంటుందో, టైలుకు తగిలితే ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. మొదటిది, ఆ ఒరుసుకున్న చప్పుడు, సిమెంటుదే. తర్వాతవి నేను ఎప్పుడూ వినని చప్పుళ్ళు. పడవ కదలకుండా ఉండగా వచ్చాయి.

పురుగులు దాటిపోయాక లేచి చూస్తే మేము పెరటి మధ్యలో ఉన్నాం. వాడు తెడ్డు కిందికి దించాడు. మూరెడు లోతులోనే గట్టిగా తగిలింది. నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ సిమెంటును తడుముతూ చాలాసేపు ఉండిపోయాడు. మోకాలి దాటి సరస్సులో దిగనివాడు, మోచేతి దాకా చెయ్యి ముంచాడు.

వాళ్ళమ్మ భయపడలేదు. జుట్టులో ఇరుక్కున్న పురుగులు దులుపుకుంటూ తాపీగా ఏదో అంది. ఒడ్డు చేరాక గానీ వాడు నాకు దాన్ని చెప్పలేదు. "నేను తిప్పేసేదాన్ని. వచ్చింది నువ్వని తెలిసి ఆయనే ఆపాడు" అందట.

ఉన్న నాలుగు రోజులూ, ఇల్లు మునిగాక తను తలదాచుకున్న బంధువుల ఇంట్లో, ఆవిడ ఆవిరి మీద ఉడికించిన అరటికాయా, చేపా పెట్టింది. కడుపు నిండా తిన్నాను. కానీ నీళ్ళ వైపు కిటికీ ఉన్న గదిలో పడుకోలేకపోయాను.

నేను తిరిగొచ్చిన కొద్ది వారాలకే ఉగాండా నుంచి కూడా రాకపోకలు ఆపారు. వాడు అక్కడే ఉండిపోయాడు. హోటల్లో వేరే లైఫ్‌గార్డు వచ్చాడు. నా గదిలోవాళ్ళకు ఒక శుక్రవారం ఈ సంగతి చెప్పాను. "మొద్దు కొట్టుకుని ఉంటది తియ్" అన్నాడు జగిత్యాల అతను. అయ్యుండొచ్చు. మా ఆవిడకు మాత్రం సరస్సు చాలా పెద్దది, అవతలి ఒడ్డు కనపడదు అని అంతవరకే చెప్పాను.

నిరుడు వాడు ఫోన్ చేశాడు. ఊళ్ళోనే పిల్లలకు ఈత నేర్పుతున్నాడట, సరస్సులోనే. గుట్ట మీద ఒక గది వేసుకున్నాడట. నీళ్ళ సంగతి అడిగాను.

"వెనక్కి పోయాయన్నా. ఇల్లంతా బురద. కడిగి, అమ్మ మళ్ళీ అక్కడే పొయ్యి పెట్టింది. రమ్మంటే పైకి రాదు."

"మరి నువ్వు?"

"పగలు వెళ్ళి తిని వస్తాను" అన్నాడు. "పడుకోవడం మాత్రం పైనే."