బొట్టు పెట్టిన క్యూబులు

తిరుపతిలో కాంక్రీటు క్యూబులను మిషన్‌లో పెట్టి నొక్కి పగలగొట్టడమే నా ఉద్యోగం. ఎంత ఒత్తిడికి పగిలిందో చూసి గ్రేడు తేలుస్తాను. ఏళ్ల తరబడి ఇదే దుమ్ము, ఇదే చప్పుడు.

ఒకరోజు పులికాట్ ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకుంటున్న చేపల వ్యాపారి ఒకాయన, స్లాబు వేసిననాడు అదే మాలుతో పోసిన క్యూబులు తెచ్చాడు. ప్రతిదానికీ పసుపు, కుంకుమ. విసుక్కుంటూ కడిగి నొక్కాను. అడిగిన గ్రేడుకు మించే తేలాయి.

“నెల దినాలూ తొట్లో నీళ్లలోనే పెట్టినానన్నా. ఒక్కపూట ఎండనీలా,” అన్నాడు సంబరంగా.

“మరి స్లాబు మీద నీళ్లు కట్టినావా అప్పా?”

“ఆడ మంచినీళ్లు యాడుండాయన్నా? తాగేదానికీ ఈ క్యూబులకూ సరిపోయె.”

నాకు ఒళ్లు మండింది. “మీ ఊరి ఉప్పుగాలి తినేది క్యూబును కాదప్పా, స్లాబును. తడి లేకుండా ఎండిన స్లాబులోకి ఉప్పు దూరి కమ్మీలను తుప్పు పట్టిస్తాది. ఈ గ్రేడు బలానికే, మన్నికకు కాదు,” అన్నాను. ఈ మాట ఎంతమందికి చెప్పి అలసిపోయానో.

“పాసయింది కదన్నా,” అన్నాడతను. పగిలిన ముక్కలను దేవుడి గూట్లో పెట్టుకుంటానని అడిగి తీసుకున్నాడు. బయట ఎండ ఎక్కువగా ఉందని, వాటిని తడి తువాలులో చుట్టుకుని మరీ పోయాడు.