మరగతమ్మ వేలు, త్యాగరాజన్ స్కేలు

త్యాగరాజన్‌కు కొలిచే జబ్బు. చొక్కా జేబులో ఆరంగుళాల ఇనుప స్కేలు లేకుండా ఆయన పుదుచ్చేరి వీధుల్లో తిరగగా చూసినవాళ్లు లేరు. స్నానానికి పోయేటప్పుడు మాత్రం తీసి సబ్బుపెట్టె పక్కన పెడతాడని భార్య సుగంధి చెప్పింది. అదైనా సబ్బెంత అరిగిందో చూడటానికేనట.

ముప్ఫై ఏళ్లు సర్కారు ఆఫీసులో ప్లాన్లు గీసి రిటైరైన మనిషి. దోసె కొలుస్తాడు, నుదుటి మీద విబూది పట్టెలు కొలుస్తాడు, పక్కింటి మరగతమ్మ ఇచ్చే కాఫీలో సైతం స్కేలు ముంచుతాడు. అది తెలిసే ఆమె తక్కువ పోసేది.

"అక్కా, నిన్న మూడంగుళాలు ఉండె. ఈరోజు రెండున్నరే."

"ఆ అరంగుళం నీ నాలుక్కి అతికించినా. తాగు."

మరగతమ్మకు డెబ్బై దాటాయి. పక్కనున్న జాలరిపేట వైతికుప్పంలో ఆడవాళ్లు అల్లే తాటాకు బుట్టలు, టోపీలు, చాపలకు రంగులద్ది అమ్మే వ్యాపారం. కుడిచేతి చూపుడువేలు ఏడాది పొడుగునా గులాబీరంగే. మనవరాలు నిర్మల, ఆపిల్ గుర్తున్న కంప్యూటర్‌లో ఆ సరుకుకు ఇంగ్లీషులో ఒక వెబ్‌సైటు చేసిపెట్టింది. పేజీ పైన వరసగా అయిదు గళ్లు, ఏది నొక్కితే ఆ రకం సరుకు తెరుచుకుంటుంది. కొనడానికి ఎవరైనా వస్తే మరగతమ్మే ఎదురుగా కూర్చుని, ఒక చేత్తో మౌస్ జరుపుతూ, గులాబీ వేలు తెరకు ఆనించి, "ఇది టోపీలు, ఇది విసనకర్రలు" అని చూపించేది. ఈ వయసులో ఇంగ్లీషు చదువుతోందే అని వాళ్లు నోరు తెరిచేవాళ్లు.

ఆమెకు ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. చదివింది రెండో క్లాసు, అదీ తమిళం. ఎడమ నుంచి ఎన్నో గడి ఏదో వేలికి తెలుసు, అంతే. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని ఆమె ధీమా.

2006లో ఆ కంప్యూటర్ మూలపడే స్థితికి వచ్చింది. విండోస్ మిషన్‌కు మారతానంది నిర్మల. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ అందులో పనిచేయదు, వేరేదాంట్లో పేజీలన్నీ మళ్లీ కట్టాలి.

"ఎట్లాగూ మళ్లీ కడతా ఉండాను కదా అవ్వా, కొత్త మోస్తరుగా మార్చేస్తా. పైన వరసగా ఉండే గళ్లు తీసేసి పక్కన పెడతా."

మరగతమ్మ తన గులాబీ వేలు చూసుకుంది. వచ్చే శనివారం పెద్ద హోటలు నుంచి కమలమ్మాళ్ వస్తోంది, ఏడాదికి సరిపడా సరుకు మాట్లాడుకోవడానికి. ఆమె ముందు వేలు తప్పు గడి మీద పడితే? మార్చొద్దంటే, నిర్మల ఎందుకని అడగదూ?

"నీ ఇష్టం. యాడ పెట్టినా చదువుకుంటా," అంది తల ఎగరేసి.

అడ్డం పడింది త్యాగరాజనే. "గడి జరగకూడదు. వెంట్రుకంత కూడా!"

బుట్టల కొలతలు రాసిచ్చేది తనే కాబట్టి వెబ్‌సైటులో తనకూ వాటా ఉందని ఆయన లెక్క. కొత్త తెర కొనేచోట ఉన్నవన్నీ కొలిచి, పాతదానికి సరిపోయేది దొరికేదాకా కొట్టువాణ్ణి ఏడిపించాడు. తీరా పేజీ తెరిస్తే అక్షరాలు ఉబ్బాయి, ఆకుపచ్చ నల్లబడింది, అయిదో గడి చోటు చాలక కింది వరసలోకి దూకింది. త్యాగరాజన్ స్కేలు తీశాడు.

"మిగతావి నాలుగు మిల్లీమీటర్లు దిగినాయి."

"మామా, ఒక్కో మిషన్‌లో ఒక్కో మాదిరి కనబడతాది. స్కేలు పెట్టుకోని ఎవురు చూస్తారు?"

"నేను చూస్తా ఉండానే!"

అయిదు రోజులు అదే పాట. పాత తెర తుడవబోతే నిర్మల చేతిలో గుడ్డ లాక్కున్నాడు. "ఈ మనిషి దుమ్ము కూడా కొలుస్తాడు," అని మరగతమ్మ దెప్పింది. పాతదానికి ఒక్కటే కదా, కొత్త మౌస్‌కు రెండు బొత్తాలెందుకు, దుబారా అని కుడివైపుదాని మీద ప్లాస్టరు అంటించాడు. నిర్మల తల పట్టుకుంది. గళ్లు మాత్రం పాత చోటికే వచ్చాయి.

శనివారం కమలమ్మాళ్ కూర్చోగానే, "చాపలు చూపించండమ్మా," అంది.

మరగతమ్మ వేలు అలవాటుగా నాలుగో చోటికి పోయింది. మౌస్ అక్కడికి జరిపి, కళ్లు మూసుకుని నొక్కింది. తెరిస్తే చాపలే!

"కళ్లద్దాలు లేకుండానే చదువుతున్నారే!"

"కళ్లద్దాలు ముసలోళ్లకు కదమ్మా," అంది మరగతమ్మ.

బేరం కుదిరింది. కమలమ్మాళ్‌ను సాగనంపి, పాత కంప్యూటర్ మీద దుప్పటి కప్పబోతూ మరగతమ్మ ఆగిపోయింది. ఆ తెర మీద వరసగా అయిదు గులాబీ మచ్చలు, తన వేలి గుర్తులు. పక్కనే పలచటి ట్రేసింగ్ కాగితం. దాని మీద సరిగ్గా అవే చోట్ల అయిదు సున్నాలు, మధ్యన మిల్లీమీటర్ల లెక్కలు. ఒక్కోదాని కింద తమిళంలో రాసుంది: అక్క వేలు. అంతమాత్రం చదవడానికి రెండో క్లాసు చాలు.

గోడ మీదుగా కేక పెట్టింది. త్యాగరాజన్ వచ్చాడు, కాగితం చూశాడు, తల గోక్కున్నాడు.

"ఏమయ్యా, నా సంగతి నీకేం తెలుసు?"

"నాకేం తెలుసక్కా? నాకు తెలిసిందంతా మిల్లీమీటర్లే."

మరగతమ్మ లోపలికి పోయి, గ్లాసు అంచులదాకా కాఫీ తెచ్చి చేతిలో పెట్టింది. త్యాగరాజన్ స్కేలు ముంచి చూసి కంగారుపడ్డాడు.

"అక్కా, నాలుగున్నర ఉండాదే!"

"నీ స్కేలు తప్పు. తాగు."