సాయిబుగారు దిద్దిన చిలకలు

పెయింటరు సాయిబుగారు పోయారని మొన్న పొద్దున తెనాలి నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "మీ తలుపు పని మిగిలిపోయిందని ఆసుపత్రిలో కూడా అన్నారండి నాన్న," అన్నాడు. నేను వెంటనే బయల్దేరాను.

రేపల్లెలో మా ఇంటి వీధి తలుపు రెండు రెక్కల మీదా చిలకలు, మామిడాకులు ఉండేవి. ఆ రంగులు పోగొట్టింది మా అమ్మే. ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసేముందు తలుపుని కూడా పీచు పెట్టి తోమేది. ఎవరు చెప్పినా వినలేదు. ఇప్పుడు ఆవిడకి మతిమరుపు జబ్బు. పక్కింటికి వెళ్లొచ్చినా సరే, గుమ్మం ముందు ఆగిపోయి, "మా తలుపుకి చిలకలుంటాయి. ఇది మా ఇల్లు కాదు," అని ఏడ్చేది. కన్నతల్లిని ఆవిడ ఇంట్లోకే రెక్క పట్టుకుని లాక్కెళ్లడం నరకం.

అందుకే సాయిబుగారిని పిలిచాను. తలుపు చూసి, "చిలకలు ఎగిరిపోలేదండి, వెలిసిపోయాయి అంతే," అన్నారు. తడిగుడ్డతో తుడిస్తే పాత గీతలు కాసేపు తేలేవి. అవి ఆరిపోయేలోగా సన్నటి కుంచెతో దిద్దేవారు. ఆయాసం వస్తే అరుగు మీద కూలబడేవారు. అమ్మ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని వంకలు పెట్టేది.

"ముక్కు అంత ఎరుపు కాదు అన్నయ్యా."

"అట్టాగే చెల్లెమ్మా."

తుడిచి మళ్లీ వేసేవారు. నాకు విసుగొచ్చి, ఏదో ఒక ఎరుపు వేసెయ్యమన్నాను.

"గుర్తుపట్టాల్సింది మీరు కాదుగా బాబూ," అన్నారు కాస్త గట్టిగానే.

ఒక రెక్క పూర్తయింది. రెండోదాని మీద చిలక మెడ దాకా వచ్చింది. ఆయాసం ఎక్కువై తెనాలి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. అయినా ఆ ఒక్క రెక్క చూసి అమ్మ ఏడుపు మానేసింది. తనంతట తనే లోపలికి వస్తోంది. మా ఇంట్లో ఎవరి వల్లా కాని పని అది. ఆయన మేలు నేను మరిచిపోలేను.

తెనాలిలో ఆయన మీద పిడికెడు మట్టి వేసి సాయంత్రానికి ఇల్లు చేరాను. అమ్మ గుమ్మంలో, సగం చిలక ముందు, చీర చెంగు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది. నన్ను పోల్చుకోలేదు.

"ఎవరండి మీరు? కాస్త ఒదిగి రండి. రంగు ఆరలేదు. అన్నయ్య టీ తాగడానికెళ్లాడు," అంది.

నేను భుజాలు ముడుచుకుని, తలుపుకి తగలకుండా లోపలికి వెళ్లాను.