కాలవ వంతెన మీద రైట్, రైట్

నేను నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగం చేస్తూనే చాలా ఏళ్లు హోంగార్డుగా కూడా ఉన్నాను. సెలవు రోజుల్లో, పండగల్లో, తిరునాళ్లలో పోలీసులకు తోడుగా నిలబడటం ఆ పని. పడుకునే ముందు డైరీలో తేదీ పక్కన, బస్సెక్కిన రోజైతే ‘బ’ అనీ, హోంగార్డు డ్యూటీ చేసిన రోజైతే ‘హో’ అనీ రాసుకునేవాణ్ని.

రెండు పనులకూ ఖాకీ బట్టలే. రెండు జతలూ ఒకే కొక్కేనికి వేలాడేవి. ఒకసారి తొందరలో కండక్టరు చొక్కా తొడుక్కుని కవాతుకు వెళ్లి వరుసలో నిలబడ్డాను. మమ్మల్ని చూసుకునే హెడ్ కానిస్టేబులు నా గుండె మీది బిళ్ల చూసి, “ఏమప్పా, ఈడేమన్నా టికెట్లు కొడతావా?” అన్నాడు. వరుసంతా నవ్వింది.

చొక్కా మార్చుకోవచ్చు, నోటిని ఎట్లా మార్చుకునేది? కూడలిలో నిలబడితే ఈల సంగతే మరిచిపోయేవాణ్ని. లారీలను కూడా “రైట్, రైట్” అని పంపేవాణ్ని, ఆపాలంటే “హోల్డాన్!” అని అరిచేవాణ్ని. “ఈల ఊదప్పా, ఈల! ఊరంతా నీ బస్సే అనుకుంటాండావా?” అని ఆయన తిట్టేవాడు. ఈ పనికి నేను పనికిరానేమోనని నాకే అనుమానంగా ఉండేది.

ఒక ఏడు అహోబిలం తిరునాళ్లకు నన్నూ, ఆ హెడ్ కానిస్టేబుల్నీ ఆళ్లగడ్డ అవతల, కాలవ వంతెన దగ్గర వేశారు. ఇరుకు వంతెన. ఒకవైపు బండ్లను ఆపితేనే రెండోవైపువి దాటేది. నేను చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా, బేతంచెర్ల నాపరాళ్ల లారీ ఒకటి వంతెన మీదికి ఎక్కేసింది. అప్పటికే ఎదురుగా బస్సు సగం దాకా వచ్చి ఉంది. రెండూ ముఖాముఖి నిలిచిపోయాయి.

బస్సు వెనుక అంబులెన్సు కూత పెడుతోంది. పరుగెత్తి వెళ్లి చూశాను. లోపల ఒక కూలీ, చేలో పాము కరిచిందట. పక్కన అతని భార్య.

“నంద్యాల పెద్దాసుపత్రికి పోవాలన్నా. కండ్లు మూతలు పడతాండాయి. దావ ఇడిపించన్నా!” అని నా చెయ్యి పట్టుకుంది.

బస్సు వెనుక బండ్లన్నీ అతుక్కుని ఉన్నాయి. లారీయే వెనక్కి పోవాలి. హెడ్ కానిస్టేబులు లాఠీతో లారీ తలుపు మీద కొట్టాడు. “బేగా తియ్యి వెనక్కి!”

“యాడికి తియ్యాల సార్? లోడు బండి. ఎనక చూసి చెప్పేదానికి క్లీనరు రాలే. ఆ పక్క గోడ కూలిపోయుండాది, చక్రం జారితే కాలవలోనే!” డ్రైవరు కిటికీలోంచి వెనుక కూలిన వంతెన గోడ వైపు చెయ్యి చూపించాడు.

లారీ వెనుకనున్న జీపులను ముందు నేను వెనక్కి పంపించాను. తరువాత డ్రైవరు దగ్గరికి వెళ్లి, “అన్నా, అద్దంలో నన్నే చూడు. నేను తీయిస్తా” అన్నాను.

“హోంగార్డువి, బండి సంగతి నీకేం తెలుసప్పా?”

“కండక్టర్ని. పొద్దున లేస్తే బస్సు రివర్సు పెట్టించేది నేనే.”

“ఆ మాట ముందర చెప్పొద్దా!” అని గేరు వేశాడు.

లారీ వెనుక మూలకు వెళ్లి, బస్సు మీద చరిచినట్టే చెక్క మీద రెండు దెబ్బలు చరిచాను. “రానీ... రానీ... రైట్, రైట్...” గోడ కూలిన చోట చక్రం అంచుకు వచ్చింది. “హోల్డాన్! కుడికి కొట్టు... ఇంకొంచెం... చాలు. రానీ!” చక్రం మీది నుంచి చూపు తిప్పలేదు. లారీ వంతెన దిగి పక్కకు ఒదిగింది. బస్సు దాటింది, దాని వెనుకే అంబులెన్సు. కిటికీలో ఆమె చేతులు జోడించి కనిపించింది.

ఆ రోజు డైరీలో తేదీ పక్కన రెండు గుర్తులూ రాశాను.

తరువాత ఒకనాడు నంద్యాలలో ఆ అంబులెన్సు డ్రైవరు మా బస్సు పక్కన బండి ఆపి, “మనిషి బతికినాడన్నా!” అని కేక వేశాడు. ఆ పూట టికెట్లు కొడుతున్నంతసేపూ నాకు ఆ మాటే చెవుల్లో వినిపించింది.

మరుసటి ఏడు తిరునాళ్లకు వరుసలో నిలబెట్టి ఈలలు పంచుతున్నారు. నా దగ్గరికి రాగానే హెడ్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆయప్పకు ఈల ఎందుకు? నోరుండాది కదా. పో అప్పా, వంతెన నీదే. రైట్, రైట్!”

వరుసంతా నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.