శౌరయ్య ఎడమకాలు

గుణదలలో డ్రైవర్ శౌరయ్య పేరు చెబితే అందరూ ఆయన చెవిని మెచ్చుకునేవారు. ఎడమకాలి సంగతి ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే యాభై మూడేళ్లు వచ్చేదాకా శౌరయ్యకే తెలియదు.

విజయవాడ రైల్వేస్టేషన్ ముందు టాక్సీ స్టాండులో ఇరవై ఆరేళ్లు అంబాసిడర్ నడిపాడాయన. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజనును వింటే తెలిసిపోయేది. ఇంజను గొంతు కాస్త పైకి లేచిందా, ఎడమకాలు క్లచ్ మీదకి, చెయ్యి గేరు మీదకి వెళ్లిపోయేవి. మధ్యలో బుర్రతో పనిలేదు. మేరీమాత తిరునాళ్ల జనంలో కూడా, పక్క సీటువాడితో రాజకీయాలు మాట్లాడుతూనే, వెనక నిద్రపోయేవాళ్లకి మెలకువ రాకుండా తీసుకెళ్లేవాడు. ఎవరైనా పొగిడితే "బండి అడుగుద్దండీ, మనం ఇవ్వాలంతే" అనేవాడు. కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి, స్టాండులో మిగతావాళ్లు గేరు వేస్తే పక్క వీధిలోకి వినపడేది.

టాక్సీ ఓనరు బండి అమ్మేశాక శౌరయ్య ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాడు. యాభై దాటిన డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు? చూపు ఎలా ఉంది, షుగరుందా అని అడిగి, కబురు చేస్తామని పంపించేసేవారు. ఆ కబుర్లు ఎప్పుడూ రాలేదు. అలాంటి రోజుల్లో, 2005లో, నాగబాబు పిలిచి పని ఇచ్చాడు. నాగబాబుది బందరు దగ్గర సముద్రం మీద వేటకెళ్లి బతికిన కుటుంబం. రొయ్యల వ్యాపారం కలిసొచ్చి విజయవాడలో ఇల్లు కట్టుకున్నాడు, కారు కొన్నాడు. అది ఆటోమేటిక్ కారు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. క్లచ్ ఉండదు.

మొదటిరోజు శౌరయ్య కిందకి వంగి చూస్తే రెండే పెడళ్లు. రెండూ కుడికాలికే. ఎడమకాలికి పని లేకపోవడంతో దాన్ని వెనక్కి మడిచి సీటు కింద పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. అలవాటైపోయిందనే అనుకున్నాడు.

గేరు రాడ్డు పక్కన ఇంగ్లీషు అక్షరాలుండేవి. డి లో పెడితే కారు మామూలుగా నడుస్తుంది. దాని కిందే ఎస్ ఉండేది. ఎస్ అంటే స్పోర్ట్, పికప్ అదిరిపోద్ది అని షోరూమ్ ఆయన చెప్పి పంపాడు. అప్పటినుంచీ నాగబాబుకి అదే ధ్యాస.

"ఆ ఎస్ నిజంగా పనికొచ్చేదేనా, ఊరికే ఎచ్చులకి పెట్టారా? నువ్వొకసారి తోలి చూసి చెప్పు శౌరయ్యా. బండి సంగతిలో నీ మాటే నాకు ఫైనలు."

ఆ మాటకి శౌరయ్య పొంగిపోయాడు. మర్నాడే ఇబ్రహీంపట్నంలో ఎవరికో కాగితాలు ఇచ్చి రమ్మంటే వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా కనపడగానే రాడ్డును ఎస్ లోకి లాగి తొక్కాడు.

కారు అమాంతం దూకింది. ఆయన వీపు సీటుకి అతుక్కుంది. ఇంజను గొంతు లేచింది, ఇంకా లేచింది. డి లో అయితే ఈపాటికి పై గేరుకి మారి సద్దుమణిగేది. ఇది మారదే! అదే గేరును పట్టుకుని అరుస్తోంది. ఆ అరుపుకి శౌరయ్య చెవికి తెలిసిన అర్థం ఒక్కటే, గేరు మార్చమని. ఆయన ఏమీ అనుకోలేదు, ఏమీ చెయ్యబోలేదు. సీటు కింద ముడుచుకుని ఉన్న ఎడమకాలు బయటికొచ్చి, ఇరవై ఆరేళ్లుగా క్లచ్ ఉన్నచోట బలంకొద్దీ తొక్కేసింది. ఆ కారులో బ్రేకు పెడలు అక్కడిదాకా వెడల్పుగా ఉంటుంది.

టైర్లు కీచుమన్నాయి. కారు రోడ్డు నడిమధ్య నిలబడిపోయింది. వెనకే కరెంటు ఫ్యాక్టరీ బూడిద వేసుకొస్తున్న లారీ ఉంది. అద్దంలో దాని ముఖం పెద్దదవుతూ పెద్దదవుతూ అద్దమంతా నిండిపోయింది. శౌరయ్య కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి లారీ జానెడు దూరంలో ఆగి ఉంది. దాని డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు.

"ఏం ముసలోడా, చావడానికి నా బండే దొరికిందా నీకు?"

శౌరయ్య బండిని ఎలాగో పక్కకి తీసి, దిగి, ఎడమకాలి వైపు చూసుకున్నాడు. అదే పాత చెప్పు, అదే కాలు. భయమేసింది. లారీ అంటే కాదు, ఆ కాలంటే భయమేసింది. తను చెప్పకుండానే కదిలింది. మళ్లీ కదలదని ఏంటి నమ్మకం?

ఇంటికెళ్లాక నాగబాబు అడిగాడు. "ఏవంటది మన ఎస్?"

"దండగండీ. పెట్రోలు తాగేస్తది. మన రోడ్లకి డి చాలండి బాబుగారూ."

పెట్రోలు ఎక్కువ తాగుతుందన్నది అబద్ధం కాదు. చెప్పాల్సింది మాత్రం అది కాదు. ఆ రోజంతా శౌరయ్య తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. భార్య తెరేసమ్మ దగ్గర మాత్రం దాచలేకపోయాడు. ఆవిడ ముందు నవ్వింది.

"కాలు దానంతటదే తొక్కటమేంటయ్యా? అదేమన్నా పూనకమా?"

"నవ్వమాక. మిక్సీ ఆన్ చెయ్యి, చూపిస్తా."

ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎడమకాలు వెనక్కి మడుచుకున్నాడు. ఆవిడ ఖాళీ మిక్సీని ఒకటిలో తిప్పింది, రెండులో తిప్పింది. మూడులోకి తిప్పి మిక్సీ గొంతు పైకి లేవగానే శౌరయ్య పాదం ఎగిరి ముందుకొచ్చి నేల మీద టప్పున కొట్టింది. రెండోసారీ కొట్టింది. మూడోసారి ఆయన తొడను రెండు చేతులతో అదిమి పట్టుకున్నా మడమ లేచింది. తెరేసమ్మ నవ్వు ఆగిపోయింది. మిక్సీ ప్లగ్గు పీకేసింది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు."

"పుట్టుకతో ఎక్కడొచ్చిందే, స్టాండులో వచ్చింది."

"ఎక్కడొస్తేనేం. ఆ బాబుకి చెప్పెయ్యి."

"చెప్తే పని పోద్ది. ఈ వయసులో ఇంకెవరిస్తారు నాకు?"

"చెప్పకపోతే?"

శౌరయ్య మరో మూడు నెలలు చెప్పకుండానే నెట్టుకొచ్చాడు. యాక్సిలేటరును గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కేవాడు, ఇంజను గొంతు లేవకుండా చూసుకునేవాడు. ముందు ఎద్దుబండి ఉన్నా దాటకుండా దాని వెనకే వెళ్లేవాడు. బెంజి సర్కిల్ దగ్గర పక్కన మోటార్‌సైకిల్ వాడెవడో రేజ్ చేస్తే చాలు, కాలి వైపు చూసుకునేవాడు. నాగబాబు కూతురు పద్మశ్రీని రోజూ బడికి తీసుకెళ్లేది శౌరయ్యే. ఆ పిల్లకి ఏడేళ్లు. వెనక సీటులో కుదురుగా కూర్చోదు, రెండు సీట్ల మధ్య నిలబడి ఆయన భుజం మీద గడ్డం ఆనించి కబుర్లు చెబుతుంది. "కూర్చో తల్లీ, నీకు పుణ్యముంటది" అని బతిమాలేవాడు. ఆ పిల్ల బడిలోకి వెళ్లిపోయాక ఆయన చొక్కా వీపంతా తడిసి ఉండేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం నాగబాబు తనే కారు తీశాడు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నదే ఈ కారు మీద, క్లచ్ అనేదాన్ని ఎరగడు. గంట తర్వాత ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"దండగంటావేంటి శౌరయ్యా! డి లో తొక్కితే అది కాసేపు ఆలోచించుకుని కదులుద్ది. ఎస్ లో తొక్కగానే లేస్తంది. ఊళ్లో తిరగటానికి అక్కర్లేదు, అది ఒప్పుకుంటా. లారీని దాటేటప్పుడు, ఎదురుగా బండొస్తా ఉంటే, ఆ ఒక్క క్షణమే కదా మనకి కావాల్సింది? ఇకనుంచి దాటేటప్పుడు ఎస్ వాడు."

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఏ డ్రైవరైనా అదే మాటంటాడు. శౌరయ్య ఒక్కడికే అది పనికిరాదు. ఆ ముక్క కక్కలేక మింగలేక "అట్టాగేనండి" అన్నాడు.

డిసెంబరులో బందరులో నాగబాబు మేనత్తగారింట్లో ఓణీల ఫంక్షన్ వచ్చింది. బయల్దేరడమే ఆలస్యమైంది. నాగబాబు ముందు సీటులో, ఆయన తల్లి నాంచారమ్మ, పద్మశ్రీ వెనక కూర్చున్నారు. కంకిపాడు దాటాక గడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చింది. రోడ్డుకి రెండు పక్కలా గడ్డి వేలాడుతూ మెల్లగా పోతోంది. కుడిపక్కన కాలవ నిండుగా ఉంది. ఎదురుగా బస్సు తర్వాత బస్సు వస్తున్నాయి.

"ఎంతసేపు దీని తోక పట్టుకుని పోతావ్? సందు దొరగ్గానే ఎస్ లో పెట్టి దాటెయ్."

"పోదామండి, నెమ్మదిగా."

"అక్కడ పిల్లకి ఓణీ కట్టేసి భోజనాలు కూడా పెట్టేస్తారు. దాటమంటంటే!"

శౌరయ్య చెయ్యి రాడ్డు మీద పడింది. ఎస్ లోకి లాగాడు. దాటాలంటే కుడిపక్కకి రావాలి. ట్రాక్టరు పక్కన ఉండగా ఇంజను అరుస్తుంది. అప్పుడు గనక ఆ కాలు లేస్తే కారు బస్సుకి ఎదురుగా ఆగిపోతుంది. బస్సు తప్పినా కాలవ తప్పదు. పద్మశ్రీ ఆయన భుజం మీద గడ్డం ఆనించి "తాతా, దాటు దాటు" అంటోంది. పిల్ల ఊపిరి మెడకి వెచ్చగా తగిలింది. శౌరయ్య ఎడమపక్కకి తీసి కారు ఆపేశాడు.

"ఏవైంది? బండికేమైనా అయిందా?"

"బండికేం కాలేదు బాబుగారూ. నాకే." దిగి, డోరు పట్టుకుని నిలబడి మొత్తం చెప్పేశాడు, ఇబ్రహీంపట్నం లారీ దగ్గర్నుంచి మిక్సీ దాకా. "నా కాలు నా మాట వినదండి. మీ బిడ్డని చంపేస్తానండి నేను."

నాగబాబు వెనక్కి తిరిగి కూతురి వైపు చూశాడు. 

"ఇది తెలిసి మూణ్ణెల్లు నా కూతుర్ని ఎక్కించుకుని తిరిగావా?"

శౌరయ్య తల దించుకున్నాడు.

"రేపట్నుంచి రావద్దు. ఇటు జరుగు, నేను తోల్తా."

"ఊరుకోరా, పెద్దోడు" అని నాంచారమ్మ అనబోయింది గాని కొడుకు ముఖం చూసి ఆగిపోయింది.

శౌరయ్య చుట్టూ తిరిగొచ్చి ఎడమ సీటులో కూర్చున్నాడు. కారు కదిలింది. కాసేపటికి మళ్లీ అదే ట్రాక్టరు వెనక చేరారు. పని పోయింది. తెరేసమ్మకి ఏం చెప్పాలి? ఇన్నాళ్లు దాచినవాణ్ణి ఈ ఒక్క ట్రాక్టరు దాటేదాకా నోరు మూసుకోలేకపోయానే అని లోపల్లోపల తిట్టుకున్నాడు. ఏమో, ఈసారి కాలు మాట వినేదేమో. అనవసరంగా భయపడ్డానేమో. మనిషి నాలుగు కిలోమీటర్లలోనే ఎంత మారిపోతాడో చూడండి.

సందు దొరికింది. నాగబాబు ఎస్ లోకి లాగి తొక్కాడు. కారు కుడిపక్కకి వచ్చి ట్రాక్టరు పక్కన పరుగెత్తింది. ఎదురుగా దూరంగా ఎర్ర బస్సు కనపడింది. ఇంజను గొంతు లేచింది, ఇంకా లేచింది, మారకుండా అరిచింది. బస్సు హారన్ కొట్టింది. గడ్డి పరకలు శౌరయ్య పక్కనున్న అద్దానికి రాసుకున్నాయి. అంతలో కారు ట్రాక్టరు ముందుకి దూసుకెళ్లి ఎడమపక్కకి వచ్చేసింది. బస్సు పక్కనుంచి గాలి కొడుతూ వెళ్లిపోయింది.

"ఇంకొకటి దాటు నాన్నా!" పద్మశ్రీ చప్పట్లు కొట్టింది.

నాగబాబు శౌరయ్య కాళ్ల వైపు చూస్తున్నాడు. శౌరయ్య కూడా అప్పుడే చూసుకున్నాడు. ఎడమకాలు ముందుకి చాపుకుని కర్రలా బిగుసుకుపోయి ఉంది. రబ్బరు మ్యాటు ముడతలు పడి పైకి లేచింది. పాదం దాని కిందున్న రేకును ఇంకా బలంకొద్దీ తొక్కుతూనే ఉంది.

నాగబాబు రాడ్డును డి లోకి నెట్టాడు. ఇంజను సద్దుమణిగింది. శౌరయ్య కాలు వెనక్కి తీసుకోబోయాడు, రాలేదు. మోకాలి కింద రెండు చేతులూ వేసి లాక్కున్నాడు.